కొసరి వడ్డిస్తే గట్టు చుట్టూ నడవాలి

ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఏలూరులో మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అని మొహమాటంగా అడుగుతారు. నా ప్రమోషన్ల సంగతి చెబితే వాళ్ళకి నిద్ర వస్తుంది, ఫైళ్ళ సంగతి చెబితే నాకు వస్తుంది. అందుకని ఉద్యోగమంతా నన్ను నవ్వించి, ఏడిపించి, చివరికి నన్నే ఓడించిన ఒక్క విషయం గురించి రాస్తున్నాను. అది తిండి.

ఈమధ్య టీవీలో స్థూలకాయం మీద చర్చలు ఎక్కువయ్యాయి. జనం లావెక్కిపోతున్నారు, ప్రభుత్వం చట్టం చేసి ఆపాలని ఒకరు, నా కంచంలోకి ప్రభుత్వం ఎందుకు తొంగిచూడాలని ఇంకొకరు గొంతు చించుకుంటున్నారు. అలాంటి చట్టం ఒకటి పుట్టడం, పెరగడం, ఒక పెళ్ళిలో బోర్లా పడటం నేను కళ్ళారా చూశాను. కొల్లేరు పక్కన, ముదినేపల్లి అవతల, ఒక ఊళ్ళో. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు మళ్ళీ భోజనానికి పిలుస్తారు, నేను వెళ్ళకుండా ఉండలేను.

ఇంకోమాట కూడా ముందే చెప్పేయాలి. నేనూ లావుగానే ఉంటాను. ఎంతని అడగొద్దు. ఉద్యోగమంతా ఇతరుల బరువు రాసిన మనిషికి తన బరువు దాచుకునే హక్కు ఉంటుంది.

మిషను ఎక్కేముందు

నా మొదటి పోస్టింగు గుండుగొలను దగ్గర చిన్న ఆరోగ్య కేంద్రంలో. అక్కడ బరువు తూచే మిషను వరండాలో ఉండేది. మగవాళ్ళు దాని మీద ఎక్కేముందు వాచీ తీసేవారు, ఉంగరం తీసేవారు, జేబులో తాళాలు తీసి పక్కన పెట్టేవారు. అంతా అయ్యాక కూడా ముల్లు దిగకపోతే, "ఇప్పుడే భోంచేసొచ్చానండి, అది తీసేసి రాసుకోండి" అనేవారు. ఒకావిడ మిషను ఎక్కనే ఎక్కనంది. "ముందు మా అత్తగారు ఎంతున్నారో చెప్పండి డాక్టరమ్మగారూ, తర్వాత ఎక్కుతాను" అని పట్టుబట్టింది. అత్తగారు అంతకుముందే తూగి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ వెంటనే లేచి, మందులు కూడా తీసుకోకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

నవ్వొచ్చినా అక్కడొక పాఠం ఉంది. బరువు పైకి చదవకండి. మిషను గదిలోకి మార్పించండి, అంకె మెల్లగా ఆ మనిషికి మాత్రమే చెప్పండి. లావుగా ఉన్న మనిషికి తను లావని తెలుసు. ఆ సంగతి మీరు కనిపెట్టినట్టు మొహం పెట్టకండి.

రెండో పాఠం తాడేపల్లిగూడెంలో బెల్లం వ్యాపారం చేసే ఒకాయన నేర్పారు. షుగరు పరీక్షకి వచ్చారు. పరగడుపున రమ్మని ముందురోజే చెప్పాను.

"ఏమీ తినలేదు కదండీ?"

"అబ్బే, పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండి."

ఆయన మీసానికి అల్లం పచ్చడి అంటుకుని ఉంది. అదేమిటని అడిగాను.

"అదా అండీ, పెసరట్టు. ఉప్మాతోనండి. మీరు తిండి గురించి కదా అడిగింది. ఇంకా అన్నం తినలేదండి."

ఆయన అబద్ధం ఆడలేదు. మన వైపు అన్నం తింటేనే తిన్నట్టు. మిగతావన్నీ ఊరికే నోట్లో వేసుకున్నట్టు. నేను అన్నం తగ్గించమని చీటీ రాసిచ్చినవాళ్ళందరూ బుద్ధిగా అన్నం తగ్గించి, ఆ ఖాళీలో జంతికలు, సున్నుండలు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు సర్దుకున్నారని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. కాబట్టి రోగిని "ఏం తిన్నారు" అని అడగకండి. "నోట్లో ఏమేం వేసుకున్నారు" అని అడగండి.

పెద్దసారు పోస్టరు

నేను కొల్లేరు వైపు బదిలీ అయిన రోజుల్లో జిల్లాలో మా పైన ఒక పెద్దసారు ఉండేవారు. మంచివారే, కాని ప్రతి జబ్బుకీ సర్క్యులరే మందని నమ్మేవారు. దోమలు ఎక్కువైతే సర్క్యులరు, రోగులు తక్కువైతే సర్క్యులరు. ఒకసారి స్థూలకాయం మీద ఏలూరులో మీటింగు పెట్టారు. రోజుకు గంటసేపు సిబ్బంది అందరూ నడవాలని గంటసేపు కూర్చుని చెప్పారు. మధ్యలో ప్లేట్లు వచ్చాయి. ప్లేటులో కాజా, కారప్పూస, జీడిపప్పు పకోడీ. ఒకరిద్దరు తప్ప ఎవరూ వదిలిపెట్టలేదు. నేనైతే పక్కాయన వదిలిన కాజా కూడా చూసుకున్నాను.

ఆ మీటింగు నుంచి ఒక పోస్టరు పుట్టింది. ఎడమపక్క పొట్ట, గడ్డం కింద మడతలు ఉన్న ఒకాయన. కుడిపక్క సన్నగా ఇంకొకాయన. కింద ఒక్క ముక్క కూడా లేదు, చూడగానే అర్థమైపోవాలని సారుగారి ఉద్దేశం. మా కేంద్రంలో గోడకి అంటించి, ఒక పెద్దాయన్ని పిలిచి ఏం అర్థమైందండీ అని అడిగాను. చాలాసేపు చూశారు.

"ఎడమపక్కాయన కాస్త కలిగినవారిలా ఉన్నారండి. కుడిపక్కాయనకి పాపం టీబీ అనుకుంటానండి. మందులు మీరిస్తారా, ఏలూరు పంపిస్తారా?"

మన వైపు కొంచెం ఒళ్ళు చేశారంటే పొగడ్త. చిక్కిపోయారేంటండీ అంటే పరామర్శ. ఈ రెండు మాటలూ మారకుండా పోస్టర్లు ఎన్ని మార్చినా లాభం లేదని సారుగారితో అన్నాను. దాని మీద కూడా ఒక సర్క్యులరు వచ్చింది.

బుల్లెబ్బాయిగారి తీర్మానం

ఇక అసలు సంగతి. నేను పేరు చెప్పనన్న ఆ ఊళ్ళోనే మా కేంద్రం, ఆ ఊరి సర్పంచి బుల్లెబ్బాయిగారు. చేపల చెరువులున్న రైతు. యాభై దాటినవారు, భారీ మనిషి, అంతకంటే భారీ మంచితనం. ఒకరోజు చెరువు గట్టు మీదే గుండె పట్టుకుని కూలబడిపోయారు. ఏలూరు తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. అక్కడి డాక్టర్లు బరువు బాగా దింపమని, లేకపోతే మళ్ళీ స్టెంటు వేసే అవసరం రాదని, దానికి ముందే అంతా అయిపోతుందని దాపరికం లేకుండా చెప్పేశారు. ఆయనకి పెళ్ళికావలసిన కూతురుంది. భయపడ్డారు. నా దగ్గరికి వచ్చారు.

ఆరునెలలైనా ముల్లు కదల్లేదు. ఇంట్లో భార్య, తల్లి ఇద్దరూ ఉప్పు లేకుండా, నూనె లేకుండా వండి పెడుతున్నారు. ఆయన కూడా దొంగతనంగా ఏమీ తినడం లేదు. అయినా తగ్గడం లేదు. ఒకరోజు ఓపీ అయిపోయాక తలుపు దగ్గరగా వేసి కూర్చుని చెప్పారు.

"మీరు వద్దనడం నేర్పాలండి నాకు. మందులు అక్కర్లేదండి."

"వద్దనడానికేముందండీ?"

"మీరు సర్పంచి కాలేదు కాబట్టి అలా అంటున్నారండి. పొద్దున్నే రోడ్డు సంగతని ఒకరింటికి వెళ్తాను. రెండు సున్నుండలు తెస్తారు. వద్దంటే, 'నిన్న పక్కవాళ్ళింట్లో అరిసెలు తిన్నారంట కదండీ, మా ఇల్లు పనికిరాలేదా' అంటారు. అక్కడ తిని ఇక్కడ తినకపోతే అది రాజకీయమైపోద్దండి. అందుకని అన్నిచోట్లా తినాలి. ఇంటికొచ్చేసరికి మా అమ్మ చప్పిడి కూర పెడద్ది. అదీ తినాలి, లేకపోతే ఆవిడ బెంగెట్టుకుద్దండి."

నవ్వు ఆపుకోలేక ఒక మాట అన్నాను. "సర్పంచి కదండీ మీరు. ఊళ్ళో ఎవరూ కొసరి వడ్డించకూడదని తీర్మానం చేసేయండి."

నేను సరదాకి అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. పై వారం పంచాయతీ ఆఫీసు గోడ మీద తీర్మానం కనబడింది. ఈ గ్రామంలో ఎవరింటికి ఎవరు వెళ్ళినా, ఏ శుభకార్యంలోనైనా, అతిథి చాలన్న తరువాత కొసరి వడ్డించరాదు. వడ్డించినవారు మర్నాడు ఉదయం ఊరచెరువు గట్టు చుట్టూ నడవవలెను. పంచాయతీకి అలాంటి అధికారం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. అడుగున "డాక్టరమ్మగారి సలహాపై" అని ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు.

కాని పిల్లలూ, అది పనిచేసింది. బుల్లెబ్బాయిగారు ఎవరింటికి వెళ్ళినా చెయ్యి పైకెత్తి, "రూలండి, నా చేతిలో లేదండి" అనేవారు. వాళ్ళూ నొచ్చుకునేవారు కాదు. ఆయన కాదన్నది వాళ్ళ సున్నుండని కాదు, రూలుకి కట్టుబడ్డారంతే. తనంతట తాను వద్దనలేని మనిషికి చట్టం ఒక చాటు ఇచ్చింది. పొద్దున్నే గట్టు మీద ఒకరిద్దరు అత్తగార్లు అల్లుళ్ళకి కొసరిన పాపానికి గొణుక్కుంటూ నడుస్తూ కనబడేవారు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. సర్పంచిగారి చొక్కాలు వదులయ్యాయి. ఊరంతా ఆయన్ని చూసి అయ్యో చిక్కిపోయారని బాధపడుతుంటే, నేను మాత్రం మిషను ముల్లు చూసి మురిసిపోయాను. పెద్దసారుకి ఫోను చేసి గొప్పలు కూడా చెప్పాను.

చాలంటే ఆగిపోయారు

అంతలో కూతురికి సంబంధం కుదిరింది. వరుడిది ఉండి అనే ఊరు. పెళ్ళి సర్పంచిగారి ఊళ్ళోనే. తెల్లవారుజామున ముహూర్తం సవ్యంగా జరిగిపోయింది. పదకొండింటికి మగపెళ్ళివారికి మొదటి బంతి వేశారు. నన్నూ వాళ్ళతో కూర్చోబెట్టారు. నా పక్కన వరుడి పెదనాన్న సూర్యనారాయణగారు, తెల్ల పంచె, నెమ్మదైన మనిషి.

వడ్డించేది ఊరి కుర్రాళ్ళు. వాళ్ళకి సర్పంచిగారు ముందురోజే గట్టిగా చెప్పారట, నా ఇంటి పెళ్ళే కదా అని రూలు తప్పకండి, ఎవరు చాలన్నా ఆగిపోండి అని.

ఇక్కడ మీకు భోజనం బంతి సంగతి కాస్త చెప్పాలి, హాస్టళ్ళలో పెరిగారు కాబట్టి. మన వైపు వియ్యాలవారు ఆకు ముందు కూర్చుంటే మొదటిసారి చాలంటారు. అది మర్యాద. రెండోసారి వద్దు వద్దంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెడతారు. ఆ చెయ్యి ఎలా పెట్టారో చూసి వడ్డించేవాళ్ళు గ్రహించుకోవాలి. ఆకుకి ఆనించి మూసిపెడితే నిజంగా వద్దని. వేళ్ళు ఎడంగా పెట్టి గాలిలో ఉంచితే ఆ సందులోంచి పడేయమని. మూడోసారికి "అయ్యయ్యో, ఎందుకండీ" అంటూ తింటారు. ఇదంతా తెలియనివాళ్ళు ఉండిలో లేరు, మా ఊళ్ళోనూ లేరు. రూలుకి మాత్రం తెలియదు.

పనసపొట్టు కూర వచ్చింది. గరిటెడు వేశారు. సూర్యనారాయణగారు చాలండి అన్నారు. కుర్రాడు ముందుకు వెళ్ళిపోయాడు. పులిహోర వచ్చింది. చాలండి. వెళ్ళిపోయాడు. పూర్ణం బూరెలు వచ్చాయి. ఒకటి వేశాడు. చాలండి. బుట్ట వెళ్ళిపోయింది. సూర్యనారాయణగారు వేళ్ళు ఎడంగా పెట్టిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. బంతి పొడుగునా చేతులు అలాగే ఉన్నాయి. నేనూ మర్యాదకి చాలన్నాను. ఆకలి దంచేస్తోంది. ఎదురుగా వడ్డించేవాళ్ళ గిన్నెల్లో పొగలు కక్కే అన్నం, నెయ్యి, గుత్తివంకాయ. బంతిలో ఒక్కరూ నోరు తెరిచి అడగలేరు. అడిగితే తిండికి మొహం వాచినట్టుంటుంది.

పావుగంటలో ఆకులన్నీ ఖాళీ. సూర్యనారాయణగారు మెల్లగా లేచారు. ఆయనతో పాటు బంతంతా లేచింది.

బుల్లెబ్బాయిగారు పరిగెత్తుకొచ్చారు. "ఏవండీ, అప్పుడే లేచిపోయారేంటండీ?"

"ఆకులు చూపించడానికి పిలిచారనుకోలేదండి" అన్నారు సూర్యనారాయణగారు. గొంతు పెంచలేదు. గొంతు పెంచకపోతే మన వైపు అది పెద్ద కోపం. "బస్సు తీయమని చెప్పండి. అమ్మాయిని తయారుచేయండి. ఇంటికెళ్ళి తింటాం."

బుల్లెబ్బాయిగారి మొహంలో నెత్తురు లేదు. కూతురు అత్తారింట్లో అడుగుపెట్టకముందే అన్నం పెట్టనివాళ్ళ పిల్ల అని పేరు తెచ్చుకోబోతోంది. ఆయన చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళడం చూసి నేను గబగబా ఆయన పక్కకి చేరాను. తీర్మానం అడుగున నా పేరుంది.

అప్పుడు వంటల పందిట్లోంచి ఆయన తల్లి వీరమ్మగారు వచ్చారు. పొట్టి మనిషి, నడుం కొంచెం వంగింది. కుర్రాడి చేతిలోంచి బూరెల బుట్ట లాక్కున్నారు. వాడు "రూలు మామ్మగారూ" అన్నాడు.

"రేపొద్దున్నే గట్టు చుట్టూ నేను నడుస్తాను. ఎన్నిసార్లు నడవమంటే అన్నిసార్లు నడుస్తాను. ఇప్పుడు అడ్డు లెగరా" అన్నారావిడ. సూర్యనారాయణగారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. "బాబుగారూ, కూర్చోండి. మావాడికి గుండె బాగోదండి. చచ్చి బతికాడు. వాడు పథ్యం ఉండలేక ఊరంతటికీ పథ్యం పెట్టేశాడండి. ఎర్రిబాగులోడు. మీరు కూర్చోండి, నా మాట మన్నించండి."

సూర్యనారాయణగారు ఆవిడని చూశారు, బుల్లెబ్బాయిగారిని చూశారు. వదులుగా వేలాడుతున్న చొక్కా చూశారు. కూర్చున్నారు. బంతంతా కూర్చుంది. కొత్త ఆకులు వేశారు. వీరమ్మగారు బూరెకి వేలితో చిల్లి చేసి నెయ్యి పోశారు. వద్దండి వద్దండి అంటూ ఆయన వేళ్ళు ఎడంగా పెట్టారు. ఆవిడ ఆ సందులోంచి ఇంకొకటి పడేశారు. అయ్యయ్యో అన్నారాయన, హాయిగా. బంతి అంతా అయ్యయ్యో, చాలు చాలు అని ఒకటే గోల. ఊరి ఆడవాళ్ళందరూ కొంగులు బిగించి వడ్డనకి దిగిపోయారు.

మరి చట్టం చెయ్యాలా వద్దా

మర్నాడు ఊరచెరువు గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. కొసరి వడ్డించినవాళ్ళందరూ బుద్ధిగా నడిచారు. అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి నడవడం చూసి, సర్క్యులర్లతో నా ఉద్యోగంలో ఎన్నడూ జరగనిది జరిగిందని నాకు సంతోషమేసింది. ఆ అలవాటు కొంతమందికి ఉండిపోయింది కూడా. తీర్మానంలో మాత్రం ఒక మార్పు చేశారు. ఎవరికైనా ఒంట్లో బాగోక పథ్యం ఉంటే, ఆ మనిషికి మాత్రమే కొసరి వడ్డించకూడదు.

ఇప్పుడు నన్ను అడిగితే నా జవాబు ఇది. చట్టం చెయ్యాలి. బడి గేటు ఎదురుగా పిల్లల కళ్ళకి ఆనేట్టు వేలాడదీసే ప్యాకెట్ల మీద చెయ్యాలి. అందులో ఎంత పంచదార, ఎంత ఉప్పు ఉందో చీమ కూడా చదవలేని అక్షరాల్లో వేసేవాళ్ళ మీద చెయ్యాలి. కూల్‌డ్రింకు తాగితే సుఖమంతా మీదేనని చెప్పే ప్రకటనల మీద చెయ్యాలి. మాడిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేయించేవాళ్ళ మీద చెయ్యాలి. ప్యాకెట్టుని వద్దంటే నొచ్చుకోదు, దాని ఇంటికి రాలేదని అలగదు. అక్కడ చట్టం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. ఇదంతా మనుషుల ఇష్టం, ప్రభుత్వానికెందుకు అనేవాళ్ళతో నాకు పడదు. ఆ ప్యాకెట్లు అమ్మేవాళ్ళు మన ఇష్టాన్ని మనకి వదిలేసి ఊరుకున్నారా ఏమిటి?

కాని లావుగా ఉన్న మనిషి మీద చట్టం చెయ్యకండి, మనిషి చేతి వడ్డన మీదా చెయ్యకండి. అక్కడ మీ పని వేరు. ఆ ఇంటికి వెళ్ళాలి, వండే మనిషితో మాట్లాడాలి. నేను బుల్లెబ్బాయిగారికి ఆరునెలలు మందులు రాశాను గాని, వీరమ్మగారిని ఒక్కసారి కూడా కూర్చోబెట్టి ఆయన గుండె సంగతి వివరంగా చెప్పలేదు. ఆ పెళ్ళికి ముందు వారం ఆవిడే వచ్చి అడిగి తెలుసుకున్నారు. తడుముకోకుండా అడిగారు, "మావాడు ఏం తింటే పోతాడో చెప్పండమ్మా, మిగతాది నేను చూసుకుంటాను" అని.

ఆఖరి బంతి

పెళ్ళిరోజు సంగతి ఒకటి మిగిలిపోయింది. మగపెళ్ళివారి బస్సు నవ్వులతో కదిలింది, అమ్మాయి వెళ్ళింది. ఎండ వాలిపోయాక ఇంటివాళ్ళు ఆఖరి బంతికి కూర్చున్నారు. మీరూ ఒక ముద్ద తినండి డాక్టరమ్మగారూ అంటే నేనూ కూర్చున్నాను. రెండోసారి కూర్చున్నానని ఎవరికీ చెప్పకండి.

వీరమ్మగారే వడ్డించారు. ఎవరి మాటా వినకుండా ఆకు ఆకుకీ కొసరుతూ వచ్చారు. నాకు రెండు వేశారు. బుల్లెబ్బాయిగారి ఆకు మీద ఒక బూరె ముందే ఉంది, తినేశారు. అంతకుముందు తెల్లవారుజాము నుంచి ఆయన ఏమీ తినలేదు. కూతుర్ని పంపించి వచ్చిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎన్నాళ్ళకో తనే నోరు తెరిచి అడిగారు.

"అమ్మా, ఇవాళ ఇంకొక్కటి వెయ్యవే. పిల్ల పెళ్ళి కదే."

వీరమ్మగారి చేతిలో బూరె ఉంది. ఆకు మీదికి వంగారు. కొడుకు పుట్టిన దగ్గర్నుంచి ఒక్క వడ్డనతో లేవనివ్వని తల్లి ఆవిడ. వెయ్యమని నా మనసే ఒకపక్క అంటోంది, డాక్టర్ని అయ్యుండి కూడా.

ఆవిడ బూరె తిరిగి బుట్టలో పెట్టేశారు. కొంగుతో మొహం తుడుచుకుని మజ్జిగ గిన్నె అందుకున్నారు.

"నీకు లేదు నాయనా" అన్నారు. "మజ్జిగ కలుపుకుని లే."

బుల్లెబ్బాయిగారు తలొంచుకుని మజ్జిగ కలుపుకున్నారు. ఆవిడ తరువాతి ఆకు దగ్గరికి వెళ్ళిపోయారు.